నెల్లూరు పాత ఫ్లాటులో తేమ తీసే యంత్రం: దేనికి పనికొచ్చింది, దేనికి పనికిరాలేదు

ఈ సమీక్ష గాలిలోని తేమను లాగి, నీరుగా మార్చి, అడుగునున్న ట్యాంకులోకి దించే యంత్రం గురించి. అంగళ్లలో దీన్ని డీహ్యూమిడిఫయర్ అని అమ్ముతారు. నేను కొన్నది రోజుకు 12 లీటర్ల సామర్థ్యమని పెట్టె మీద రాసి ఉన్న కంప్రెసర్ రకం; రవాణా ఖర్చుతో కలిపి 17,000 రూపాయల దాకా అయింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతి యంత్రాల లోపలి అమరిక దాదాపు ఒకటే కాబట్టి, కొనాలనుకునేవారికి పేరు కన్నా పనితీరు తెలియడమే ఎక్కువ ఉపయోగం. నా అభిప్రాయం ముందే చెబుతాను. గాలి మోసుకొచ్చే తేమకు ఇది నిజంగా పనిచేస్తుంది. గోడలోకి బయటినుంచి దిగే నీటిని ఇది ఆపలేదు. మన ఇంట్లో ఉన్నది ఏ చెమ్మో తేల్చుకోకుండా కొంటే మాత్రం పెట్టిన డబ్బు గోడకు కొట్టిన సున్నమే.

మా ఫ్లాటు మాగుంట లేఅవుట్‌లో, 1990ల నడుమ కట్టిన మూడంతస్తుల భవనంలో, రెండో అంతస్తులో ఉంది. బయటి గోడలు తొమ్మిదంగుళాల ఇటుకవి, గదుల మధ్య గోడలు నాలుగున్నర అంగుళాలవి, నేల మొజాయిక్, కిటికీలు టేకువి, ప్రతి కిటికీ పైనా అద్దపు పలకల వెంటిలేటర్ ఉంది. పడకగదికి తూర్పు, ఉత్తరం గోడలు ఆరుబయటికి ఉన్నాయి. నెల్లూరు వాన సంగతి తెలిసినవారికి ఈ దిక్కుల మాట ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది. మన జిల్లాలో ఏడాది మొత్తం కురిసే వానలో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతోనే కురుస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడినప్పుడు ఆ వాన నిలువుగా పడి పోకుండా గాలితో కలిసి ఏటవాలుగా గోడలను కొడుతుంది. 2015, 2021 సంవత్సరాల నవంబరు వానలకు తడిసిన పాత భవనాల్లో ఈశాన్యపు మూలగదిని చూస్తే చాలు, తక్కిన ఇల్లంతా ఎలా ఉందో చెప్పవచ్చు.

మా ఇంట్లో చెమ్మ మూడు చోట్ల, మూడు తీర్లుగా కనిపించేది. పడకగది తూర్పు కిటికీ కింద గోడ, వాన వెలిసిన మర్నాటికి ముదురు రంగు తిరిగి, పుట్టీ ఉబ్బి, గోటితో గీకితే పెచ్చులుగా రాలేది. పడకగదికి, దాని పక్కనున్న చిన్న సామాన్ల గదికి మధ్యనున్న గోడ మీద, సామాన్ల గది వైపు, బీరువా వెనుక నల్లని చుక్కల బూజు పట్టేది. ఆ బీరువాలోని పట్టుచీరల మడతల మీద తెల్లని పొడిలాంటి బూజు, తోలు బెల్టుల మీద పచ్చని బూజు వచ్చేవి. మూడోది వంటింటి గోడ కింది భాగంలో తెల్లగా ఉప్పు పూసిన మచ్చ. అది గోడకు వాన కొట్టినా కొట్టకపోయినా ముసురు రోజుల్లో చెమర్చి, ఎండాకాలంలో పొడిబారి పొడిపొడిగా రాలేది. మా అత్తగారు బీరువా తెరిచినప్పుడల్లా, "కలరా ఉండలు వేస్తానే ఉన్నా గదా నాయనా, అయినా బూజెందుకు పడతా ఉండాది?" అని అడిగేవారు. కలరా ఉండల వాసన పురుగులను దూరంగా ఉంచుతుందే తప్ప గాలిలోని తేమను ఏమాత్రం తగ్గించదు.

ఈ మూడింటినీ విడదీయడానికి ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. వంటింట్లో వాడే అల్యూమినియం రేకును జానెడు ముక్క కత్తిరించి, గోడ మీద మచ్చ ఉన్నచోట పరిచి, నాలుగు అంచులనూ గాలి దూరకుండా టేపుతో అతికించి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. గది వైపు రేకు తడిస్తే ఆ తేమ గాలిలోంచి వచ్చి చల్లని గోడ మీద పేరుకుంటున్నది. రేకు వెనుక, గోడకు అంటిన వైపు తడిస్తే నీరు గోడలోంచి వస్తున్నది. కిటికీ కింద రేకు వెనుక వైపు తడిసింది. సామాన్ల గదిలో, పక్కగదిలో ఏసీ నడిచిన రాత్రి, ముందు వైపు తడిసింది. వంటింటి మచ్చ దగ్గర ఈ పరీక్ష తెగలేదు, ఎందుకంటే అక్కడ దోషం ఉప్పుది. కట్టేటప్పుడు వాడిన నీటిలోనో ఇసుకలోనో ఉన్న లవణాలు గోడలో మిగిలిపోయి, గాలిలో తేమ పెరిగినప్పుడు తామే దాన్ని పీల్చుకుంటాయి. పైపు లీకు లేకపోయినా గోడ తడిగా కనిపించడానికి తీరప్రాంతపు పాత ఇళ్లలో ఇదొక ముఖ్య కారణం. ఆ తెల్లని పూత ఉప్పో బూజో తెలియకపోతే ఒక నీటిచుక్క వేసి చూడవచ్చు. ఉప్పు కరుగుతుంది, బూజు కరగదు. ఉప్పును పొడి కుంచెతో దులిపి ఎత్తిపారేయాలి, కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

సామాన్ల గది గోడ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చెమ్మ గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. అక్కడ గోడను చల్లబరిచేది బయటి చలి. మన దగ్గర గోడను చల్లబరిచేది మనం పెట్టుకున్న ఏసీ. గాలి 28 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉంటే, దాదాపు 24 డిగ్రీలకు చల్లబడిన ఏ ఉపరితలం మీదనైనా ఆ తేమ నీటిబొట్లుగా మారుతుంది. నెల్లూరులో అక్టోబరు రాత్రి తలుపు వేసిన సామాన్ల గదిలో గాలి సరిగ్గా అలాగే ఉంటుంది. పడకగదిలో ఏసీ 18 దగ్గరో 20 దగ్గరో పెట్టి, దాని గాలి నాలుగున్నర అంగుళాల గోడను నేరుగా తాకుతుంటే, ఆ గోడ అవతలి ముఖం తెల్లవారేసరికి 25 డిగ్రీల దాపుకు దిగుతుంది. ఏ సామానూ ఆనించని చోట గోడకు గది గాలి తగులుతూ ఉంటుంది కాబట్టి కొంత నయం. బీరువాను ఆనించి పెట్టినచోట ఆ గాలి కూడా తగలదు కనుక అక్కడ గోడ ఇంకా చల్లబడి చెమ్మగిల్లుతుంది. పైగా బూజుకు నీటిబొట్లు అక్కరలేదు. గోడ ముఖానికి అంటుకుని ఉన్న గాలి పొరలో తేమ 80 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే చాలు, అది మొలకెత్తుతుంది.

ఈ లెక్క తెలిశాక మేము చేసిన మొదటి పనికి రూపాయి కూడా ఖర్చు కాలేదు. ఏసీని 26 డిగ్రీలకు పెంచి, నెమ్మదిగా ఫ్యాన్ తిప్పుకున్నాం. ఏసీ గాలి రెక్కలను ఆ గోడ వైపు కాకుండా మళ్లించాం. బీరువాను గోడకు ఆరంగుళాల ఎడంగా జరిపాం. మన దేశంలో అమ్మే స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలవ్వాలని ఇంధన సామర్థ్య బ్యూరో 2020 జనవరి 1 నుంచి పెట్టిన నిబంధన కరెంటు ఆదా కోసం వచ్చిందే అయినా, తీరప్రాంతపు గోడలకు కూడా మేలు చేసేదే. గోడ మీద నీళ్లు పేరుకోవడం దీంతోనే ఆగింది. అయినా బీరువాలో బూజు పూర్తిగా ఆగలేదు, ఎందుకంటే వాయుగుండం రోజుల్లో ఇల్లంతటా తేమ 85 శాతానికి పైనే ఉండి వారాల తరబడి దిగదు. యంత్రం అవసరం పడింది అప్పుడు.

యంత్రం కన్నా ముందు తేమ మీటరు కొనమని అందరికీ చెబుతాను. అరచేతిలో ఇమిడే డిజిటల్ హైగ్రోమీటర్ 500 రూపాయల లోపే దొరుకుతుంది. అది ఎంత నిజం చెబుతోందో ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. సీసా మూతలో మామూలు పొడి ఉప్పు పోసి, ముద్దగా తడిసేటన్ని నీటిచుక్కలు మాత్రమే వేసి, ఆ మూతను, మీటరును కలిపి గాలి దూరని ప్లాస్టిక్ సంచిలో మూసి ఒక రాత్రంతా కదపకుండా ఉంచితే, లోపలి గాలి 75 శాతం తేమ దగ్గర నిలబడుతుంది. అది ఆ ఉప్పు గుణం. మా మీటరు 71 చూపింది, కాబట్టి అది చూపే ప్రతి అంకెకూ నాలుగు కలుపుకుని చదువుకుంటున్నాం. యంత్రం ముందు పలకలోనూ ఒక తేమ అంకె వెలుగుతుంది కానీ, అది యంత్రంలోకి లాగబడే గాలిని కొలిచేది కాబట్టి గది మూలల సంగతి దానికి తెలియదు. మాకు ఆ రెండింటి మధ్య తేడా ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. మీటరు కూడా అక్కరలేదనుకునేవారికి వంటింటి ఉప్పు డబ్బా ఉంది. అందులోని పొడి ఉప్పు చెమర్చి గడ్డకడుతోందంటే ఆ గదిలో తేమ 75 శాతం దాటిందన్నమాటే. రాళ్లుప్పును మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. అందులో ఉండే మెగ్నీషియం లవణాల వల్ల అది చాలా ముందుగానే చెమర్చుతుంది.

ఇక యంత్రం పని. దీని లోపలిది చిన్న ఏసీయే. ఫ్యాను గది గాలిని లాగి చల్లని తీగచుట్ట (కాయిల్) మీదుగా పంపుతుంది, తేమ అక్కడ నీరై కింది ట్యాంకులోకి కారుతుంది, పొడిబారిన గాలి పక్కనే ఉన్న వేడి తీగచుట్ట మీదుగా బయటికి వస్తుంది. పెట్టె మీద రాసే 12 లీటర్ల లెక్క 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమలో 24 గంటలు ఆగకుండా నడిపితే వచ్చేది. గది 60 శాతానికి దిగాక అంత నీరు రాదు, రావలసిన అవసరమూ లేదు. మేము 55 దగ్గర పెట్టి వదిలేస్తాం. బూజు పట్టకుండా ఉండడానికి 60 లోపు ఉంటే చాలు. 45కు దించాలని చూస్తే యంత్రం ఆగకుండా తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది, టేకు తలుపులు బిగువు వదలవచ్చు.

మొదట్లో నన్ను ఆలోచనలో పడేసింది ట్యాంకులో చేరిన నీటి పరిమాణం. మా సామాన్ల గది పదడుగులకు ఎనిమిదడుగులు, ఎత్తు పదడుగులు. 27 డిగ్రీల గాలి తేమను 85 శాతం నుంచి 55 శాతానికి దించాలంటే ఘనపు మీటరుకు ఎనిమిది గ్రాముల లోపు నీటిని తీయాలి. ఆ గది మొత్తం గాలికి లెక్కగడితే అది ఒక గ్లాసు నీళ్లకు మించదు. అయినా తొలి రోజుల్లో రెండు లీటర్ల ట్యాంకు తెల్లవారేలోగా నిండి, యంత్రం దానంతట అది ఆగిపోయేది. ఆ నీరంతా ఎక్కడిదంటే, కొంత గోడ పూతలోంచి, దూది పరుపులోంచి, పుస్తకాలలోంచి, చీరలలోంచి మెల్లగా బయటికి వస్తున్నది. తక్కినది తలుపు కింది సందులోంచి, వెంటిలేటర్ అద్దాల మధ్యనుంచి లోపలికి వస్తున్న కొత్త గాలి మోసుకొస్తున్నది. ఆ గదిలో గంటకు సగం గాలి మారిపోతున్నా, రోజుకు రెండు లీటర్లకు పైగా నీరు లోపలికి వచ్చినట్టే. యంత్రాన్ని కొని సందులు మూయకపోవడమంటే చిల్లుపడిన బిందెతో నీళ్లు తోడుతూ కూర్చోవడమే. మేము వానాకాలం మూడు నెలలకు వెంటిలేటర్‌కు లోపలి వైపు మందపాటి ప్లాస్టిక్ షీటు బిగించి, తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టించాం. ఆ తరువాత అదే ట్యాంకు నిండడానికి రెండు రోజులు పట్టింది. తేమను తగ్గించడంలో ఆ పట్టీకి యంత్రంతో సమానమైన వాటా ఉందని నా నమ్మకం. దాని ఖరీదు వంద రూపాయలు కూడా లేదు.

కిటికీలు తెరిస్తే చెమ్మ పోతుందన్న మాట ఇక్కడ అన్ని రోజులకూ చెల్లదు. బయట అయిదు డిగ్రీల చలి ఉన్న దేశంలో ఘనపు మీటరు గాలి ఏడు గ్రాముల నీటిని మించి మోయలేదు, కాబట్టి కిటికీ తెరిస్తే ఇల్లు ఆరుతుంది. నవంబరు ముసురులో నెల్లూరు గాలి అంతకు మూడింతల నీటిని మోస్తుంది. ఆ రోజు కిటికీ తెరవడమంటే తేమను ఇంట్లోకి పిలవడమే. వంటిల్లు, స్నానాలగది మాత్రం ఇందుకు మినహాయింపు, ఎందుకంటే అక్కడ పుట్టే ఆవిరి బయటి గాలిలోని తేమ కన్నా ఎక్కువ. గ్యాసు మండినప్పుడు కూడా నీరు పుడుతుందన్నది చాలామందికి తోచని విషయం. 14.2 కిలోల సిలిండరు ఖాళీ అయ్యేసరికి, అన్నం, పులుసుల ఆవిరి కాక, కేవలం మంటలోంచే సుమారు 22 లీటర్ల నీరు ఆవిరిగా ఇంట్లోకి వస్తుంది. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వంట అయిన తరువాత కూడా పావుగంట తిరగాలి. అది చెడిపోయి ఉంటే ముందు దాన్ని బాగుచేయించుకుని ఆ తరువాతే ఈ యంత్రం గురించి ఆలోచించడం మంచిది.

యంత్రం నుంచి నేను అనుకోని లాభం బట్టల విషయంలో వచ్చింది. ముసురు పట్టిన వారంలో పిల్లల స్కూలు యూనిఫారాలు హాల్లో తాడు మీద ఆరక, ముక్కిన వాసన వేసేవి. వాటిలోంచి వెలువడే నీరంతా ఇంటి గోడలకే చేరేది. ఇప్పుడు సామాన్ల గదిలో తాడు కట్టి, తలుపు మూసి, యంత్రాన్ని బట్టల కింద పెడితే, రాత్రి వేసినవి పొద్దున ఇస్త్రీకి సిద్ధంగా ఉంటున్నాయి. వేడి గాలి, పొడి గాలి ఒకేసారి తగలడమే దీనికి కారణం. ఈ ఒక్క పని కోసమే కొన్నా విచారించనక్కరలేదని మా ఆవిడ అంటుంది. నేను అంత దూరం పోను.

ఇబ్బందులు చెప్పకపోతే సమీక్ష పూర్తి కాదు. మొదటిది వేడి. ఒక లీటరు ఆవిరి నీరుగా మారినప్పుడు 0.68 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి విడుదలవుతుంది. యంత్రం వాడుకున్న కరెంటు కూడా చివరికి వేడిగానే గదిలో మిగులుతుంది. తలుపు మూసిన గది రెండు డిగ్రీలదాకా వేడెక్కుతుంది. డిసెంబరులో అది హాయిగానే ఉంటుంది కానీ, సెప్టెంబరు ఉక్కపోతలో మనిషి పడుకునే గదిలో దీన్ని పెట్టుకోవడం కష్టం. రెండోది చప్పుడు, పాత ఫ్రిజ్ కన్నా కొంచెం ఎక్కువ, తేలికగా నిద్రపట్టేవారికి ఫరవాలేదు. మూడోది కరెంటు. ఇది 200 వాట్ల యంత్రం, కాబట్టి రోజుకు ఎనిమిది గంటల లెక్కన నెలకు 50 యూనిట్లకు అటూ ఇటూ వస్తుంది. యూనిట్లు పెరిగినకొద్దీ రేటు పెరిగే శ్లాబుల పద్ధతిలో అది పైశ్లాబులో పడితే బిల్లు మీద బాగానే కనిపిస్తుంది.

నాలుగోది అసలు ఫిర్యాదు. మా యంత్రానికి కరెంటు పోయి వచ్చాక దానంతట అది మళ్లీ మొదలయ్యే సదుపాయం లేదు. తుపాను రోజున కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మన ఊళ్లో వేరే చెప్పనక్కరలేదు. ఊరికి వెళ్లినప్పుడు యంత్రం నడుస్తూనే ఉంటుందనుకుని తలుపు వేసుకుపోతే, మొదటి కోతకే అది ఆగి, తిరిగి వచ్చేసరికి గది యథాస్థితిలో ఉంటుంది. కొనేముందు ఆటో రీస్టార్ట్ ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. ట్యాంకు పెద్దదా చిన్నదా అన్నది దీని తరువాతి ప్రశ్న. అయిదోది సర్వీసు. వారంటీ కాలంలో ఒకసారి నీళ్లు రావడం తగ్గితే, కంపెనీ వారు మనిషి చెన్నై నుంచి రావాలన్నారు, వాయిదాలు వేశారు. ఊళ్లో ఏసీ మెకానిక్కు ఇది తనకు అలవాటు లేని సరుకని చేయి పెట్టలేదు. చివరికి చూస్తే గాలి పీల్చుకునే జల్లెడకు దుమ్ము అట్టకట్టి ఉంది. పక్షానికోసారి దాన్ని తీసి కుళాయి కింద కడిగి ఆరబెడితే చాలునని ఆ వినియోగ పుస్తకంలో అంత చిన్న అక్షరాలతో ఎందుకు రాశారో వారికే తెలియాలి.

కిటికీ కింది గోడకు యంత్రం ఏమీ చేయలేదు, చేయదని తెలిసే కొన్నాం. ఆ గోడ కోసం ముందు ఒక వాటర్‌ప్రూఫింగ్ సంస్థ మనిషిని పిలిచాం. ఆయన రెండు సూదులున్న మీటరు తెచ్చి గోడకు గుచ్చితే అది ఎర్రగా వెలిగి కూసింది. వెంటనే ఇంట్లోని గోడలన్నిటికీ లోపలి వైపు రసాయనపు పూత వేయాలని చదరపు అడుగుల లెక్క కట్టి ఇచ్చాడు. ఆ సూదుల మీటరు కొలిచేది నీటిని కాదు, రెండు సూదుల మధ్య కరెంటు ఎంత తేలికగా పారుతుందన్న దాన్ని. చెక్క మీద దాని అంకెకు అర్థం ఉంటుంది. ఉప్పున్న గోడ మీద అది ఉన్నదానికన్నా చాలా ఎక్కువ తడి చూపిస్తుంది, ఎందుకంటే లవణాలు కలిసిన కాస్త తేమలోనే కరెంటు సులభంగా పారుతుంది. ఆ కూతను చూసి ఎవరూ సంతకం పెట్టకూడదు. తరువాత వేదాయపాళెం నుంచి వచ్చిన మేస్త్రి మీటరేమీ తేలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, కిటికీ పైన బయటికి పొడుచుకొచ్చిన చజ్జా (సన్‌షేడ్) కింది వైపు చూసి, "సార్, లోపల మీరేం పూసినా లాభం లేదు, నీళ్లొచ్చే దోవ బయటుండాది" అన్నాడు. చజ్జా అంచు కింద నీరు తెగి పడేందుకు వదిలే సన్నని గాడి, రంగుల మీద రంగులు వేయడంతో పూడిపోయింది. నీరు అంచు నుంచి పడకుండా చజ్జా కింది ముఖం వెంబడే వెనక్కి పాకి, కిటికీ చట్రానికి గోడకు మధ్యనున్న నెర్రలోకి దిగుతోంది. ఆయన గాడిని మళ్లీ చెక్కి, నెర్రను వెడల్పుగా తొలిచి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపి, బయటి వైపు పూత వేశాడు. ఈ పని ఏప్రిల్, మే నెలల్లో, గోడ ఎండి ఉన్నప్పుడు చేయించుకోవాలి. తడి గోడ మీద లోపల పుట్టీ పెట్టి రంగు వేయించేవారికి మరుసటి కార్తీకానికే అవే పెచ్చులు రాలతాయి.

అయితే బయటి గోడ మన ఒక్కరిది కాదు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ప్రధాన గోడలు, పైకప్పు ఉమ్మడి భాగాల కిందికి వస్తాయి. అంటే మరమ్మతు ఖర్చు నివాసుల సంఘం పెట్టాలి. మా సంఘం మొదట తర్జనభర్జన పడినా, చజ్జాలు ఊడితే కింద నడిచేవారి తల మీద పడతాయని మేస్త్రి చూపించాక ఒప్పుకుంది. లోపలికి దిగిన నీరు ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. పాత భవనంలో చెమ్మను రంగు సమస్యగా మాత్రమే చూడకూడదనడానికి ఇదొక్కటి చాలు. ఆరోగ్యం సంగతికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో తెచ్చిన మార్గదర్శకాలు ఇళ్లలోని తేమకు, బూజుకు, దగ్గు, ఉబ్బసం వంటి శ్వాస ఇబ్బందులకు సంబంధం ఉందని చెబుతున్నాయి. బూజును తుడిచేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడవాలి, పొడిగా దులిపితే అది గాలిలో ఎగురుతుంది. బ్లీచింగ్ ద్రావణం వాడేవారు అందులో బాత్‌రూమ్ యాసిడ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

చౌకగా దొరికే ఇతర సాధనాల మాట క్లుప్తంగా చెబుతాను. రెండు మూడు వేల రూపాయలకు అమ్మే కంప్రెసర్ లేని చిన్న యంత్రాలు రోజుకు కొన్ని వందల మిల్లీలీటర్లు మాత్రమే తీస్తాయి; గదికి వాటిని నమ్ముకోలేం. తేమను పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు మూసిన బీరువాలో బాగా పనిచేస్తాయి, ఒక వానాకాలానికి రెండు మూడు మార్చాలి. వాటిలో చేరే ఉప్పునీరు ఒలికితే పట్టుచీర పాడవుతుంది, ఇనుప అర తుప్పు పడుతుంది, కనుక అడుగు అరలో, పళ్లెంలో పెట్టాలి. ఏసీకి ఉండే డ్రై మోడ్ తేమను తీస్తుంది కానీ గదిని కూడా చల్లబరుస్తుంది. నవంబరు రాత్రి ఆ చల్లదనమే పక్క గోడకు చెమ్మ తెస్తుంది. తేమను పీల్చే పదార్థంతో పనిచేసే, చలికి పనికొచ్చే డెసికెంట్ రకం యంత్రం మేలైనదని అమ్మేవారు చెప్పినా, నెల్లూరు ఉష్ణోగ్రతల్లో దాని అవసరం లేదు, కరెంటు కూడా ఎక్కువ తాగుతుంది.

కాబట్టి ఎవరు కొనాలన్న ప్రశ్నకు నా జవాబు ఇది. రేకు పరీక్షలో గది వైపు తడి కనిపించినవారు, ఏసీ అంకె పెంచి, బీరువా జరిపి, ఎగ్జాస్ట్ ఫ్యాను బాగుచేయించుకున్నాక కూడా మీటరు 70 దిగకపోతే, ఒక గదిని ఎంచుకుని సందులు మూసి, అందులో ఈ యంత్రం పెట్టుకోవచ్చు. ఇల్లంతా ఆరబెట్టాలనుకునేవారికి ఇది చాలదు. వాన వెలిశాక మాత్రమే గోడ తడుస్తున్నవారు ఈ డబ్బు మేస్త్రికి పెట్టాలి. అద్దెకున్నవారికి నేను దీన్ని ధైర్యంగా సిఫారసు చేస్తాను, ఇల్లు మారినప్పుడు వెంట తీసుకుపోవచ్చు కాబట్టి. చజ్జా బాగుచేయించే అధికారం ఎలాగూ వారి చేతిలో ఉండదు.

రోజూ ట్యాంకు ఒంపే ఓపిక లేనివారు యంత్రాన్ని పీట మీద ఎత్తున పెట్టి, వెనుకనున్న రంధ్రానికి గొట్టం తగిలించి స్నానాలగది తూము దాకా వాలుగా వేసుకోవచ్చు. గొట్టం మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు. ఆ నీరు చూడడానికి తేటగా ఉంటుంది కానీ తాగేది కాదు, తీగచుట్ట మీది దుమ్ము, లోహం అందులో కలుస్తాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయవచ్చా అని మా భవనంలో చాలామంది అడిగారు. అదే కారణంతో అందులోనూ పోయకూడదు. మేము దానితో మొజాయిక్ తుడుస్తున్నాం, బోరు నీటితో తుడిచినప్పుడు పడే తెల్లచారలు ఇప్పుడు పడడం లేదు.